పిల్లి తిన్న గుర్రం

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఒక గుర్రం ఉండేది. ఎన్నాళ్ళో కాదు, మూడు రోజులు. అదీ పెద్ద అగ్గిపెట్టెలో, దూది మీద. రౌతు ఎక్కలేనంత చిన్నది, మేత అడగలేనంతగా ఎండిపోయింది. చిన్నతనంలో మీ ఇంట్లో ఏ జంతువులు ఉండేవని ఎవరైనా అడిగితే ఒక గుర్రం, ఒక పిల్లి అని చెబుతాను. పిల్లి మాది కాదు. ఆ రెండింటికీ నడుమ జరిగిన దాంట్లో నా పాత్ర గురించి మాత్రం చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

ఎనభైల మొదట్లో మాట. మేము ఖరగ్‌పూర్‌లో పూరీ గేటు అనే రైలు గేటుకి ఈవతల రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్ళం. ఆస్పత్రి గేటుకి అవతల. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. మా తాతయ్య అదే వర్క్‌షాపులో ప్యాటర్న్ మిస్త్రీగా చేసి రిటైరయ్యాడు. ఇనుముతో ఒక సామాను పోత పోయాలంటే ముందు దాన్ని చెక్కతో చేయాలి. ఆ చెక్క బొమ్మని ఇసుకలో అద్ది తీస్తే గుంట మిగులుతుంది, ఆ గుంటలో కరిగిన ఇనుము పోస్తారు. ఆ చెక్క బొమ్మ చేసేవాడు ప్యాటర్న్ మిస్త్రీ. కావలసిన కొలతకి చేస్తే పనికిరాదు. ఇనుము చల్లారాక కుంచించుకుంటుంది, దానికి కొంత. తర్వాత సాన పట్టినప్పుడు అరుగుతుంది, దానికి కొంత. ముప్ఫై ఏళ్ళు ప్రతి వస్తువునీ ఒక పిసరు పెద్దగా చేసిన చేయి మా తాతయ్యది. ఈ సంగతి ముందే చెప్పి ఉంచుతున్నాను. తర్వాత పనికొస్తుంది.

ఆ ఏడు మా తమ్ముడికి కోరింత దగ్గు వచ్చింది. వాడికి ఏడాదిన్నర. టీకా మొదటి డోసు పడింది. రెండో డోసు రోజున మేమందరం విజయనగరంలో ఒక పెళ్ళిలో ఉన్నాం. రైల్వే వాళ్ళకి పాసు, అంటే టికెట్టు కొనక్కర్లేని ప్రయాణం, ఒక వ్యసనం. తేదీ దాటితే పాసు మురిగిపోతుంది, టీకా ఎక్కడికి పోతుంది అనుకున్నారు మా వాళ్ళు. టీకా ఎక్కడికీ పోలేదు, ఆస్పత్రిలోనే ఉంది. దగ్గే మా ఇంటికి వచ్చింది.

ఆ దగ్గు విన్నవాళ్ళకి వర్ణించి చెప్పనక్కర్లేదు, విననివాళ్ళకి చెప్పినా తెలియదు. గుక్క మీద గుక్కగా పదిహేను, ఇరవై దగ్గులు. మధ్యలో ఊపిరి తీసుకునే సందు ఉండదు. ముఖం ఎర్రబడి, వంకాయ రంగుకి తిరిగేది. అప్పుడు ఒక్కసారి గాలి లోపలికి లాగేవాడు, కూతలాగా. వర్క్‌షాపు సైరను రోజుకి ఎన్నిసార్లు మోగుతుందో ఊరందరికీ తెలుసు. మా ఇంట్లో ఈ కూత ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. అది రాకపోతే ఏమిటన్నది ఎవరూ అనలేదు. అమ్మ వాడిని భుజాన వేసుకుని గోడకి ఆనుకుని నిలబడి ఉండేది. కూర్చుంటే నిద్ర పడుతుందని భయం.

రైల్వే ఆస్పత్రి డాక్టరు సిరప్పు రాసిచ్చి, పెదాలు నీలమైతే ఒక్క క్షణం ఆగకుండా తీసుకురమ్మన్నాడు. మా మామ్మ, అంటే నాన్నకి తల్లి, ఆ మాటలన్నీ బుద్ధిగా విని ఇంటికొచ్చి, భీమిలి దగ్గర పల్లెలో ఉన్న తన తమ్ముడికి కబురు పెట్టింది. మామ్మ పడవలవాళ్ళ ఇంటి బిడ్డ. ఆమెకి ఆస్పత్రి మీద నమ్మకం లేకపోలేదు. అది సగం వైద్యమని ఆమె అభిప్రాయం. మిగతా సగం సముద్రంలో ఉంది.

బుధవారం నాడు ఆ సగం వచ్చింది. మాకు ముఖ్యమైన వస్తువులు పోస్టులో వచ్చేవి కావు, పాసు మీద వచ్చే మనుషుల చేతుల్లో వచ్చేవి. మామ్మ అగ్గిపెట్టె తెరిచి చూపించింది. గుర్రం మూతి, వంకర మెడ, ఒళ్ళంతా ఉంగరాలు, లోపలికి చుట్టుకున్న తోక. "గుర్రం సేప. ఆదివారం పొద్దున్న నిప్పుల మీద కాల్సి, ఆ బూడిద తేనెలో రంగరించి నాకిత్తే ఎంత దగ్గయినా దిగిపోతాది," అంది. ఆదివారమే ఎందుకని నాన్న అడిగాడు. "సోమవారం నువ్వు డ్యూటీకి పోతావు కాబట్టి," అంది మామ్మ. అంతకంటే బలమైన శాస్త్రం మా ఇంట్లో లేదు. అమ్మ మాత్రం ఏమీ అడగలేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది: గురువారం, శుక్రవారం, శనివారం.

తాతయ్య అలవాటు కొద్దీ గుర్రాన్ని కాలిపర్‌తో కొలిచి, కొలతలు క్యాలెండరు వెనక రాసుకున్నాడు. ఎందుకంటే ఎందుకూ లేదు. కొత్త వస్తువు కనిపిస్తే కొలవడం ఆయనకి నమస్కారం పెట్టడం లాంటిది.

గురువారం నేను అగ్గిపెట్టె పట్టుకుని పక్కింటికి వెళ్ళాను. పక్కింటి అక్క కాలేజీలో జువాలజీ చదివేది. వాళ్ళు బాపట్ల వైపు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవులు, వాళ్ళ నాన్న గూడ్సు గార్డు. అక్క గుర్రాన్ని చూసి రెండు నిమిషాలు మాట్లాడలేదు. ఆమె విషయంలో అదే పెద్ద వార్త. తర్వాత మొదలుపెట్టింది.

ఇది చేపేనట. పొలుసులు లేని చేప. చర్మం కింద ఎముక పలకలు ఉంగరాల్లా పేర్చి ఉంటాయి కాబట్టి ఎండినా ఆకారం చెడదు. నిలువుగా ఈదుతుంది. ఈదుతుందనడం కూడా మర్యాద కోసమే. వీపు మీద బుల్లి రెక్క ఒకటి టపటపా కొట్టుకుంటుంది తప్ప ముందుకి సాగేది అంతంతమాత్రం. సముద్రం అల్లకల్లోలమైతే ఈది ఈది అలసి చచ్చిపోతుంది. అందుకే తోకతో నీటి అడుగున గడ్డిని చుట్టుకుని ఒకచోటే ఉండిపోతుంది. కళ్ళు రెండూ వేటికవే తిరుగుతాయి, ఒకటి ముందుకి చూస్తుంటే ఒకటి వెనక్కి. మా లైన్లో ఒక టికెట్ కలెక్టరుకి ఈ విద్య వచ్చని చెప్పుకునేవారు. దీనికి లోపల జీర్ణాశయమే లేదు. తిన్నది తిన్నట్టే దాటిపోతుంది కాబట్టి రోజంతా తింటూనే ఉండాలి. మా పెద్దనాన్న గుర్తొచ్చాడు గాని ఆయనకి జీర్ణాశయం బాగానే ఉందని ఊరుకున్నాను.

"మరి దీని పొట్ట ఉబ్బినాదేటక్కా?" అన్నాను.

"మగది కదే, అందుకు."

నేను నవ్వాను. అక్క నవ్వలేదు. ఆడది గుడ్లు తెచ్చి మగదాని సంచిలో పెట్టి వెళ్ళిపోతుందట. పొట్ట కింద ఆ సంచి ఉంటుంది. అందులోనే పిల్లలు పెరుగుతాయి. తండ్రే వారాల తరబడి మోసి, తండ్రే నొప్పులు పడి, వందల కొద్దీ కంటుంది. ఒక్కొక్కటి గోరంత, అచ్చం గుర్రంలాగే. లోపల జీర్ణాశయం కూడా లేనివాడు కడుపుతో ఉండటమేమిటో, మా రైల్వే కాలనీలో ఈ సంగతి తెలిస్తే మగవాళ్ళంతా సముద్రం వైపు చూడటం మానేస్తారనుకున్నాను. పైకి మాత్రం, "అన్నీ బతుకుతాయా?" అని అడిగాను.

"ఎక్కడే. వందల్లో ఒకటో రెండో. మిగతావన్నీ పోతాయి," అంది అక్క, పరీక్షలో జవాబు చెప్పినట్టు. అప్పుడే గోడకి అవతల మా తమ్ముడి దగ్గు మొదలైంది. అక్క అగ్గిపెట్టె మూసి నా చేతిలో పెట్టింది. ఇద్దరం కూత వినిపించేదాకా కదలకుండా నిలబడ్డాం.

ఆ సాయంత్రమంతా నాకు ఆ ఉబ్బిన సంచి తప్ప ఇంకేదీ తోచలేదు. ఆదివారం నాడు గుర్రాన్ని కాలుస్తారు. కాల్చుకోనీ. కాని దాని కడుపులో పిల్లలున్నాయి. ఒక తమ్ముడి కోసం వందమంది తమ్ముళ్ళని కాలిస్తే ఆ మందు పనిచేస్తుందా? సముద్రం ఊరుకుంటుందా? మామ్మ చిన్నప్పటి నుంచీ చెబుతూనే ఉంది, గంగమ్మ తల్లి దగ్గర తీసుకున్నదానికి బదులు ఇవ్వాల్సిందేనని. తన పిల్లల్ని మేం కాలిస్తే మా పిల్లవాడిని ఆమె ఉంచుతుందా? పదేళ్ళ వయసులో నాకు లెక్కల్లో నలభై దాటి ఎప్పుడూ రాలేదు గాని ఈ లెక్క మాత్రం ఎటు వేసినా ఒకటే జవాబు వచ్చింది.

ఎండు చేపల్ని వండే ముందు అమ్మ నీళ్ళలో నానబెట్టేది. మెత్తబడి, ఉబ్బి, ప్రాణం వచ్చినట్టు ఉండేవి. శుక్రవారం పొద్దున్న, బడికి వెళ్ళే ముందు, స్టీలు గిన్నెలో నీళ్ళు పోసి, గుప్పెడు ఉప్పు వేసి, గుర్రాన్ని అందులో పడుకోబెట్టాను. మెత్తబడితే సంచి విప్పి పిల్లల్ని బయటికి తీసి, ఖాళీ గుర్రాన్ని మళ్ళీ ఎండబెట్టి పెట్టెలో పెట్టేయాలని నా పథకం. గిన్నెని పెరట్లో నీళ్ళ తొట్టి వెనక పెట్టి పళ్ళెం మూశాను. మాది పొద్దుటి బడి. మధ్యాహ్నానికి తిరిగి వస్తాను. ఇంతలో ఏమవుతుంది?

పిల్లి అయింది. అది బెంగాలు పిల్లి. చేప విషయంలో దానికి శుక్రవారం, ఆదివారం తేడాల్లేవు. నేను వచ్చేసరికి పళ్ళెం బోర్లా పడి ఉంది. గిన్నెలో నీళ్ళు లేవు, గుర్రం లేదు. తొట్టి పక్కన అంగుళం పొడవు తోక ముక్క మాత్రం చుట్ట చుట్టుకుని మిగిలింది. ఎముక ఎక్కువని వదిలేసినట్టుంది. లోపల తమ్ముడు దగ్గుతున్నాడు. నేను వాడి మందుని పిల్లికి పెట్టాను. వాడు చచ్చిపోతే చంపింది నేనే. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

తాతయ్య నన్ను తొట్టి వెనక చూశాడు. తోక ముక్క చూశాడు, గిన్నె చూశాడు, గోడ మీద మూతి నాక్కుంటున్న పిల్లిని చూశాడు. ఏం జరిగిందని అడగలేదు. మిస్త్రీలు విరిగిన సామాను చూసి ఎలా విరిగిందో తెలుసుకుంటారు.

"ఏడుపు తరవాత ఏడుద్దుగాని, ముందు భూతద్దం అట్రా," అన్నాడు.

తెచ్చాను. తోకని వెలుగులో తిప్పి తిప్పి చూశాడు. మనవడికి అంత జబ్బుగా ఉన్నా, ఆ చూపులో ఒక రకమైన సంబరం ఉంది. నన్ను చూడమని అద్దం ఇచ్చాడు. నేను తోక అంటే తాడులాగా గుండ్రంగా ఉంటుందనుకున్నాను. కాదు. నాలుగు పలకలుగా ఉంది, చదరపు పెట్టెలు ఒకదానిలో ఒకటి దూర్చినట్టు.

"గుండ్రటి పిడి సేతిలో తిరిగిపోతాది. పలకల పిడి తిరగదు. అట్టుకుంటే అట్టుకున్నట్టే," అన్నాడు తాతయ్య. "ఎవుడో పని తెలిసిన మిస్త్రీ సేసినాడే దీన్ని."

తర్వాత మంచం కింద నుంచి పనిముట్ల పెట్టె లాగాడు. క్యాలెండరు తిప్పి కొలతలు తీశాడు. శుక్రవారం సాయంత్రం, శనివారం పగలంతా వెనక వసారాలో నాకు వీపు పెట్టి టేకు ముక్క చెక్కాడు. ఉంగరాలన్నీ వచ్చాయి. మెడ వంపు వచ్చింది. ఉబ్బిన సంచి దగ్గర ఆగి, "ఇది ఉంచమంటావా?" అని అడిగాడు. వద్దన్నాను. చదునుగా చెక్కేశాడు. టీ డికాక్షన్‌లో ముంచి, పొయ్యి మసి పట్టించి, ఎండు రొయ్యల డబ్బాలో రెండు గంటలు ఉంచాడు. చివర అసలు తోక ముక్కని జిగురుతో అతికించాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అగ్గిపెట్టెలో పెట్టి చూస్తే మూత పూర్తిగా పడలేదు. ఆయన దారం చుట్టి గట్టిగా ముడి వేసి, "ఠీక్ హై," అన్నాడు.

ఆదివారం వచ్చింది. బొగ్గుల పొయ్యి మీద పెంకు పెట్టి మామ్మ దారం విప్పింది. గుర్రాన్ని అరచేతిలో పెట్టుకుని కొంచెంసేపు చూసింది. తర్వాత తాతయ్యని చూసింది.

"ఏటయ్యా మిస్త్రీ, నీ కళ్ళెర్రగా ఉన్నాయి?"

"నలుసు పడినాది," అన్నాడు తాతయ్య. నిజమే. టేకు నలుసు.

పెంకులో గుర్రం భగ్గుమని మంట పట్టుకుంది. "ఏటమ్మా, సేప ఇలాగ మండుతున్నాది?" అన్నాడు నాన్న. "నూని సేప," అంది మామ్మ, తల తిప్పకుండా. మా అదృష్టమనుకున్నాను. ఆమె గోడ వైపు తిరిగి బూడిద నూరి, తేనె కలిపి, వేలితో తమ్ముడి నాలుక మీద రాసింది. వాడు చప్పరించాడు. అమ్మ ఆ చప్పరింత చూసి నాలుగు రోజుల్లో మొదటిసారి కింద కూర్చుంది. కూర్చున్నదల్లా గోడకి తల ఆనించి రెండు గంటలు నిద్రపోయింది. ఎవ్వరం లేపలేదు.

నాకు మాత్రం అప్పటి నుంచీ నిద్ర పోయింది. శుక్రవారం నాడు దొరికిపోతానేమో అన్న భయం కూడా ఉండేది. ఇప్పుడు ఎవరికీ దొరకలేదు, కాని తమ్ముడి కడుపులో ఉన్నది చెక్క. తాతయ్య నన్ను తిట్ల నుంచి కాపాడాడు గాని వాడిని దేన్నుంచి కాపాడాడు? వాడు దగ్గిన ప్రతిసారీ నేను తాతయ్య వైపు చూసేదాన్ని. ఆయన తన చేతుల వైపు చూసుకునేవాడు. ఆయనకీ అదే భయమని ఇప్పుడు తెలుస్తోంది. పెద్దవాళ్ళకి భయం వేయదని అప్పుడు ఒక నమ్మకం ఉండేది.

మంగళవారం మధ్యాహ్నం నాన్న డ్యూటీలో ఉన్నాడు. తాతయ్య కిరోసిన్ క్యూలో ఉన్నాడు. అమ్మ సిరప్పు అయిపోయిందని ఆస్పత్రికి వెళ్ళింది. నేను బడి నుంచి వచ్చి పలక సంచి దించానో లేదో దగ్గు మొదలైంది. ఈసారి కూత రాలేదు. తమ్ముడి పెదాలు సిరా పూసినట్టయ్యాయి. మామ్మ వాడిని బోర్లా తిప్పి వీపు మీద చరిచింది, వేలు పెట్టి గొంతులోంచి బంక లాంటి కఫం తీసింది. చిన్న ఊపిరి వచ్చింది, మళ్ళీ దగ్గు. చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరిగెత్తింది. వెనక నేను.

రిక్షావాడు మమ్మల్ని చూసి ఎక్కడికని అడగలేదు. "ధొరే బొషున్, మాసీమా," అన్నాడు. పట్టుకుని కూర్చోండని. మామ్మ తమ్ముడిని నిలువుగా గుండెకి ఆనించుకుంది. "వాడి కాళ్ళు అట్టుకోవే. గట్టిగా. జారిపోతాడు," అంది. నేను రెండు చేతులతో వాడి పాదాలు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

పూరీ గేటు పడి ఉంది.

గూడ్సు బండి. ఖాళీ వ్యాగన్లు, తాపీగా, ఒకదాని వెనక ఒకటి. రిక్షావాడు గేటు మనిషిని బెంగాలీలో తిట్టాడు, హిందీలో బతిమాలాడు. గేటు మనిషి బండిని చూపించాడు. ఆ వ్యాగన్లలో సగం మా నాన్న చేతి మీదుగా బాగై వెళ్ళినవే అయి ఉంటాయి. అవి పోతున్నాయి, పోతున్నాయి, అయిపోవడం లేదు. తమ్ముడు మామ్మ భుజం మీద ఎగిరెగిరి పడుతున్నాడు. నాకు ఇంక ఆగలేదు.

"మామ్మా, అది గుర్రం కాదే! నేను నానబెడితే పిల్లి తినేసినాది. తాతయ్య చెక్కతో చేసినాడు. నువ్వు కాల్చింది చెక్క," అని అరిచాను. బండి చప్పుడులో వినిపించిందో లేదోనని మళ్ళీ అరిచాను.

"తెలుసే," అంది మామ్మ. "కాళ్ళొగ్గకు."

నేను ఆ పాదాలు ఇంకా బిగించి పట్టుకున్నాను.

"బుధవారం నాడు పెట్టికి మూత పడినాది. ఆదివారం పడలేదు. సచ్చిన గుర్రం ఎదుగుతాదేటే?" తమ్ముడి వీపు రుద్దుతూనే ఉంది. "నలభై ఏళ్ళు కాపురం సేసినాను ఆ మిస్త్రీతోటి. ఆడి కొలత నాకు తెల్దేటి. పిల్లడికి ఎట్టింది ఒట్టి తేనె. సెక్క బూడిద ఎట్టడానికి నాకు మతి పోనాదా? ఆ పాదాలు రుద్దు."

రుద్దాను. ఎన్ని వ్యాగన్ల తర్వాతో తెలియదు, బండి చివర గార్డు డబ్బా కనిపించక ముందే, తమ్ముడు ఒక్కసారి ఒళ్ళంతా బిగించి గాలి లోపలికి లాగాడు. ఆ కూత. జీవితంలో నేను ఎన్నో కచేరీలు విన్నాను, మర్యాదకి కొన్నింట్లో తల కూడా ఊపాను. దాని కంటే మంచి శబ్దం మాత్రం మళ్ళీ వినలేదు.

ఆస్పత్రిలో వాడికి ఆక్సిజన్ పెట్టారు. తొమ్మిది రోజులున్నాడు. డాక్టరు మామ్మని అందరి ముందూ తిట్టాడు, పిల్లవాడికి ఇంత ముదిరేదాకా ఇంట్లో ఏం చేస్తున్నారని. మామ్మ, ఊళ్ళో ఎవరి మాటకైనా రెండు మాటలు చెప్పే మనిషి, తల వంచుకుని నిలబడింది. ఆ సాయంత్రం వార్డు బయట బల్ల మీద నేను, ఆమె కూర్చున్నాం. నన్ను తిడుతుందని ఎదురు చూస్తున్నాను. తిట్టలేదు. నాతో కాదన్నట్టు చెప్పింది.

"మీ నాన్నకి ముందు ఒకడున్నాడు. ఆడికీ ఇదే దగ్గు. ఆడికి నిజం గుర్రమే ఎట్టినాం. మా నాన్న సేత్తో వల్లోంచి తీసింది."

"మరి?"

"మరేటి. పోనాడు."

నాన్నకి ఒక అన్న ఉండేవాడని నాకు అప్పటిదాకా తెలియదు. మరైతే గుర్రాన్ని ఎందుకు తెప్పించావని అడిగాను. ఆమె వార్డు తలుపు వైపు చూసింది. లోపల అమ్మ మంచం అంచు పట్టుకుని నిలబడి ఉంది.

"మీ యమ్మ బుధవారం నాడే పడిపోయేది. ఆదివారం ఉన్నాదని నిలబడినాది," అంది. "గుర్రం సేపకి ఈత రాదే. కెరటమొత్తే ఏదో ఒకటి అట్టుకుంటాది. గడ్డిపోస అయితే గడ్డిపోస. ఆ గడ్డి దాన్ని గట్టుకి సేరుత్తాదని కాదు. అట్టుకోడానికి ఏదో ఉండాల." తలుపు మీంచి చూపు నా వైపు తిప్పింది. "గాని గడ్డి అట్టుకుని కూకుంటే సాలదు. శనివారమే ఈడిని ఇక్కడికి తేవలసింది నేను. ఆ డాక్టరు తిట్టింది నిజమే."

ఒక పెద్ద మనిషి తన తప్పు తను ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. నా పిల్లి సంగతి దాని పక్కన చాలా చిన్నదైపోయింది. అలా చిన్నది చేయడానికే ఆమె చెప్పిందేమో కూడా తెలియదు.

తమ్ముడు ఇంటికొచ్చాడు. దగ్గు పూర్తిగా పోవడానికి మూడు నెలలు పట్టింది. గుర్రమే వాడిని బతికించిందని అమ్మ చివరిదాకా నమ్మింది, కనిపించిన వాళ్ళందరికీ చెప్పింది. నేను, తాతయ్య, మామ్మ ఒకరి ముఖాలు ఒకరం చూసుకునేవాళ్ళం. చెప్పాలో వద్దో మాకు తెలియలేదు. ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆ మాట ఊరి ఆ చివర ఝపటాపూర్ దాకా పోయింది. ఒక రోజు అక్కడి నుంచి ఒకావిడ చంటిబిడ్డని ఎత్తుకుని, గుర్రం కావాలని వచ్చింది. బిడ్డ దగ్గు గుమ్మంలోనే వినిపించింది. లేదని చెబుతుందనుకున్నాను. మామ్మ, "ముందు ఆస్పత్రి సీటీ సూపించు. సీటీ లేనిదే గుర్రం పని సెయ్యదు," అంది. ఆవిడ అప్పటికప్పుడు వెళ్ళి, సాయంత్రానికి చీటీతో, సిరప్పుతో తిరిగొచ్చింది. మామ్మ చీటీని రెండు వైపులా చూసింది. ఆమెకి చదువు రాదు. లోపలికి వెళ్ళి ఒక గుర్రాన్ని తెచ్చి ఇచ్చింది. కాల్చక్కర్లేదు, బిడ్డ మెడలో కట్టమంది. తాతయ్య ఆ పాటికే మరో నాలుగు చెక్కి ఉంచాడు. అగ్గిపెట్టె పక్కన పెట్టుకుని మరీ కొలిచాడు. అయినా నాలుగింటిలో మూడింటికి మూత పడలేదు.

నాలుగోది నా దగ్గరే ఉంది. తోక దగ్గర నాలుగు పలకలూ అలాగే ఉన్నాయి, వేలు పెడితే తెలుస్తాయి.

పెద్దయ్యాక ఎక్కడో చదివాను. ఈ గుర్రాల జంట ప్రతి ఉదయం ఒకదాన్నొకటి వెతుక్కుంటూ వస్తాయట. రంగు మార్చుకుని, తోకలు పెనవేసుకుని, ఒకే గడ్డిపోచ చుట్టూ కాసేపు తిరిగి, దేని దారిన అది పోతుందట. రాత్రి గడిచింది, ఇంకా ఉన్నాను, నువ్వూ ఉన్నావా అని. పక్కింటి అక్కకి ఇది అప్పుడు తెలిసి ఉంటే తప్పకుండా చెప్పేది.

పోయిన ఏడు తమ్ముడికి గుండెలో రెండు స్టెంట్లు వేశారు. వాడిప్పుడు లోకో పైలట్‌గా చేస్తున్న నలభై దాటిన పెద్దమనిషి, నా కంటే జానెడు పొడుగు. ఆస్పత్రికి సరైన సమయానికే తీసుకెళ్ళాం. ఆ విషయంలో నేను ఎవరి మాటా వినను, ఏ ఆదివారం కోసమూ ఆగను. ఐసీయూలోకి పది నిమిషాలు పంపించారు. మాట్లాడటానికి ఏమీ తోచక మంచం చివర నిలబడి దుప్పటి మీద నుంచే వాడి పాదాలు పట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి. రుద్దడం మొదలుపెట్టాను.

వాడు కళ్ళు తెరిచి చూశాడు.

"ఏటే అక్కా, నా కాళ్ళు అట్టుకున్నావు? ఏటి తప్పు సేసినావు?"

"నీ గుర్రాన్ని పిల్లికి పెట్టినాను," అన్నాను.

మత్తులో ఉన్నాడు, అర్థం కాలేదు. "సర్లే," అని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. నలభై ఏళ్ళుగా నేను ఎదురుచూసిన మన్నింపు అలా రెండక్షరాల్లో తేలిపోయింది. నర్సు వచ్చి టైమైందని చెప్పేదాకా కాళ్ళు వదల్లేదు.